కాలువ చివరి ఊళ్ళో నీళ్ళు చాలనప్పుడు: వంతా, ఇంజనా, బోరా, పంట మార్పా?

అక్టోబరు మొదటివారం. బీపీటీ వరి పొట్ట మీదుంది. రాత్రి రెండింటప్పుడు టార్చిలైటు పట్టుకుని, చేలకు నీళ్ళు తెచ్చే బోదె గట్టున నడుస్తున్నాను. మా తూముకు కాస్త ఎగువన నీళ్ళ చప్పుడు వినపడాలి, వినపడలేదు. వంగి చూస్తే ఒక గడ్డి మోపు, దాని మీద యూరియా సంచిలో నింపిన మట్టి, ఆ పైన రెండు రాళ్ళు. ఇల్లు కట్టుకున్నంత పొందిగ్గా పేర్చారు. అన్నీ తీసి గట్టు మీద పెట్టి, నీళ్ళు కదిలిందాకా కూర్చుని ఇంటికొచ్చాను. తెల్లారి వెళితే మూట మళ్ళీ అక్కడే ఉంది. పెట్టిందెవరో నాకు తెలుసు, తీసిందెవరో ఆయనకూ తెలుసు. వరసకు నాకు బాబాయి. ఆ ఏడు వాళ్ళింట్లో పెళ్ళికి నేను వెళ్ళలేదు.

మాది గుంటూరు జిల్లాలో కొమ్మమూరు కాలువ చివరి ఆయకట్టు. ఆ రాత్రి తర్వాత నీటి సంఘంలో ఒక దఫా సభ్యుడిగా పనిచేశాను. వంతులు పెట్టి చూశాం, ఇంజన్లు ఎత్తాం, కొందరం పంట మార్చాం. ఏది తగవు తగ్గించింది, ఏది పెంచింది అన్నది కాలువ చివర ఉన్న వేరే ఊళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. ఎక్కువ నీళ్ళు మిగిల్చే పద్ధతికీ తగవు తగ్గించే పద్ధతికీ తేడా ఉంది. రెండూ ఒకటే అనుకుని మేం మొదటి ఏడాది దెబ్బతిన్నాం. పక్క చేను వాడు తన కళ్ళతో చూసి లెక్క సరిపోయిందనుకునేలా ఉన్న పద్ధతి కాస్త మోటుదైనా నిలబడుతుంది. ఎంత తెలివైన ఏర్పాటైనా వాడికి లెక్క కనపడకపోతే రాత్రికి రాత్రి గడ్డి మోపు తిరిగొస్తుంది.

ముందు కొరత ఎక్కడుందో తేల్చుకోండి

నీళ్ళు అసలు రావడం లేదా, వచ్చినవి మధ్యలో పోతున్నాయా? ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

పైనుంచి రాకపోవడమంటే ఏమిటో ఒక్క లెక్కతో తెలుస్తుంది. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు పారకం, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. మా కాలువకు నీళ్ళిచ్చే ప్రకాశం బ్యారేజీ నిండుగా ఉంటే నిలిచేది 3.07 టీఎంసీలు. కింద ఉన్న డెల్టా ఆయకట్టు దాదాపు 13 లక్షల ఎకరాలు. బ్యారేజీలో నీళ్ళు కనపడుతున్నాయని ధైర్యపడే వాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి. రోజుకు ఒక టీఎంసీ చొప్పున వదిలితే అవి మూడు రోజులకే సరి. పైన పులిచింతలలో 45.77 టీఎంసీలు పడతాయి. 2015 నుంచి పట్టిసీమ పంపులతో గోదావరి నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి. ఇవి రెండూ లేని రోజుల్లో నాట్లు ఆగస్టు దాటిపోయిన ఏళ్ళు మా పెద్దవాళ్ళకు గుర్తే.

ఇంకా పైకి వెళితే రాష్ట్రాల తగవు. బచావత్ ట్రిబ్యునల్‌ను 1969లో వేస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 811 టీఎంసీలన్నది తేలేసరికి 1976 వచ్చింది. 2004లో వేసిన రెండో ట్రిబ్యునల్ ముందు ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. 2023 నవంబరు 30న నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. మా బోదె మీద రెండు పలుగులతో జరిగేదే అక్కడ లాఠీలతో జరిగింది. ఆ తగవు మన చేతిలో లేదు. దాని గురించి టీకొట్టు దగ్గర గంటలు గంటలు మాట్లాడుకునే మనం, మన తూము దగ్గర ఎన్ని నీళ్ళు వస్తున్నాయని అడిగితే నోరు వెళ్ళబెడతాం.

అందుకని ఒకే రోజు రెండు చోట్ల కొలవండి: మీ పిల్ల కాలువ మొదట్లో, చివర్లో. మొదట్లో నిండుగా ఉండి చివర్లో పాదం తడవకపోతే మీది పంపకం జబ్బు. మొదట్లోనే సగం ఉంటే మీది రాకడ జబ్బు. చాలా ఊళ్ళలో రెండూ ఉంటాయి. ఏది ఎక్కువో తేలితే చాలు.

నిమ్మకాయతో కొలత

దీనికి ఇంజనీరు అక్కర్లేదు. బోదె తిన్నగా ఉన్న చోట ముప్పై అడుగులు కొలిచి రెండు పుల్లలు పాతండి. పై పుల్ల దగ్గర నిమ్మకాయ వేసి కింది పుల్లకు ఎన్ని సెకన్లలో చేరిందో ఫోన్లో చూడండి. మూడు నాలుగు సార్లు వేసి సగటు తీయండి. మా బోదె వెడల్పు మూడడుగులు, లోతు ముప్పావు అడుగు, నిమ్మకాయకు పట్టింది యాభై సెకన్లు. అంటే సెకనుకు 0.6 అడుగు. పైన పారినంత వేగంగా అడుగున పారదు కాబట్టి అందులో 80 శాతమే తీసుకోవాలి. 3 × 0.75 × 0.48 వేస్తే ఒక క్యూసెక్కు కాస్త పైన.

ఇక్కడి నుంచి అసలు సంగతి. ఒక క్యూసెక్కు ఒక గంట పారితే ఒక ఎకరంలో ఒక అంగుళం నిలుస్తుంది. ఈ ఒక్క ముక్క కంఠతా వస్తే మిగతా లెక్కలన్నీ వేళ్ళ మీద వేసుకోవచ్చు. మా సంఘం సమావేశంలో ఇది చెప్పిన రోజు నుంచి 'మాకు నీళ్ళు రావట్లేదు' అనే మాట పోయి 'మాకు వారానికి రెండంగుళాలే వస్తున్నాయి' అనే మాట వచ్చింది. మొదటి మాటకు ఎదుటివాడికి కోపం వస్తుంది. రెండోదానికి వాడూ లెక్క వేసుకుంటాడు.

కొలత చూసుకోవడానికి తూము పక్కన కడప రాయి పాతి ఎర్ర రంగుతో అంగుళాల గీతలు గీయించాం. ఆ గేజి రాయి వేసినప్పుడు నవ్విన వాళ్ళే పొద్దున్నే పళ్ళపుల్ల నములుతూ వచ్చి గీత ఎక్కడుందో చూసి పోయేవాళ్ళు.

వంతు పద్ధతి

పంపకం జబ్బుకు మొదటి మందు ఇదే, నా ఓటూ దీనికే. కానీ వంతు అనగానే అందరూ ఒకటే అనుకుంటారు. మూడు రకాలున్నాయి, మూడింటి తీరూ వేరు.

ఎకరాల లెక్కన గంటలు ఇవ్వడం మొదటిది. ఉత్తరాది కాలువల మీద వారబందీ అంటారే, అదే. తల లెక్కన ఇవ్వడం రెండోది. మహారాష్ట్రలో పుణె జిల్లా పురంధర్ తాలూకాలో విలాస్‌రావు సాళుంఖే 1970ల్లో పానీ పంచాయత్ పేరుతో దీన్ని నడిపారు. అక్కడ నీటి హక్కు భూమిని బట్టి కాదు, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి. తలకు అరెకరం లెక్క, కుటుంబానికి రెండున్నర ఎకరాలకు మించి లేదు, చెరకు వేయకూడదు, భూమి లేనివాళ్ళకూ వాటా. న్యాయంలో దీన్ని మించింది నాకు తెలిసి లేదు. కానీ అది రైతులు కలిసి కొత్తగా ఎత్తిపోసుకున్న నీళ్ళ మీద కట్టుకున్న కట్టుబాటు. నూట డెబ్బై ఏళ్ళుగా ఎకరాల లెక్కన శిస్తు కడుతున్న డెల్టా కాలువ మీద ఈ మాట ఎత్తితే మీ సంఘం ఆ రోజే చీలిపోతుంది. మూడోది, ఏ చేను ఎండితే దానికి ముందు. వినడానికి ఇదే ధర్మంగా ఉంటుంది. ఆచరణలో మాత్రం ఎవరి చేను ఎక్కువ ఎండిందన్న వాదనతో తెల్లారుతుంది, పైగా గొంతు పెద్దదున్న వాడి చేనే ఎప్పుడూ ఎక్కువ ఎండి ఉంటుంది.

అందుకని డెల్టా బోదెకు ఎకరాల గంటలే. మేం చేసిన తప్పులు మీరు చేయకండి.

మొదటి ఏడాది వంతు పై నుంచి మొదలుపెట్టాం. పై చేను వాళ్ళు గడియారం చూసి కాదు, మడి నిండాక కట్టారు. చివరికి వచ్చేసరికి వారం అయిపోయింది, నీళ్ళూ అయిపోయాయి. రెండో ఏడాది చివరి చేను నుంచి మొదలుపెట్టాం. నీళ్ళు కిందకి దిగడానికి పొడి బోదె తాగే నీళ్ళు ఎలాగూ పోతాయి. ఆ నష్టం వంతు మొదట్లో ఒక్కసారి అందరి ఖాతాలో పడితే చివరివాడు ఒక్కడే దాన్ని మోయక్కర్లేదు.

మా బోదె కింద అరవై ఎకరాలు. వారానికి 168 గంటలు. బోదె తడవడానికి ఎనిమిది గంటలు తీసేస్తే ఎకరాకు రెండు గంటల నలభై నిమిషాలు వచ్చింది. క్యూసెక్కు నీళ్ళకు ఇది వారానికి రెండున్నర అంగుళాల పైమాట. మా నల్లరేగడిలో వరి దాంతో బతికింది. లెక్క బాగుంది కానీ ఇంకో చిక్కు తేలింది. వారం కచ్చితంగా వారమే కావడంతో రాత్రి వంతు పడినవాళ్ళకు ఎప్పుడూ రాత్రే. ఇద్దరు కౌలు రైతులకు ప్రతి వారం రాత్రి ఒంటిగంటకు వచ్చింది. వాళ్ళలో ఒకరు భర్త పోయిన ఆవిడ. మగవాళ్ళమే పాములకు భయపడే గట్టు మీద ఆమె ఒక్కతీ ఎలా నిలబడుతుంది? నిలబడలేకపోతే ఆ వంతు ఎవరు తిన్నారో చెప్పనక్కర్లేదు.

దానికి విరుగుడు తేలికైందే. వంతును 168 గంటల నుంచి 180 గంటలకు మార్చాం. అంటే ఏడున్నర రోజులు. ఈసారి రాత్రి పడినవాళ్ళకు వచ్చేసారి పగలు పడుతుంది. ఎకరాకు పన్నెండు నిమిషాలు అదనంగా కలిసింది కూడా. ఈ పన్నెండు గంటల మార్పుతో ఆగిపోయిన పోట్లాటలు లస్కర్‌తో చేయించిన ఏ కాపలాతోనూ ఆగలేదు. వంతు పట్టిక రామాలయం గోడకు అంటించాం. పేరు, ఎకరాలు, మొదలు గంట, ముగింపు గంట రాసి, కౌలుకు చేసేవాళ్ళ పేరే పెట్టాం, పట్టాదారు పేరు కాదు. దీనికి ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులు అలిగారు. అలిగితే అలిగారు.

వంతు ఎప్పుడు పనిచేయదో కూడా చెప్పాలి. బోదెలోకి వచ్చేది సగానికి, అంటే అర క్యూసెక్కుకు పడిపోతే ఎకరాకు వారానికి అంగుళంన్నర లోపే. ఆ పలచని పారకం చివరికి చేరనే చేరదు, దారిలోనే ఇంకిపోతుంది. అప్పుడు బోదె లోపల గంటలు కోసుకోవడం దండగ. పైనున్న బోదెలతో మాట్లాడుకుని ఒక వారం మీకు నిండుగా, ఒక వారం వాళ్ళకు నిండుగా వదిలించుకోవాలి. ఇది రైతుల మధ్య తేలదు, కొన్ని నీటి సంఘాలకు కలిపి ఉండే డిస్ట్రిబ్యూటరీ కమిటీలో తేలాలి, షట్టర్లకు తాళాలు పడాలి.

మడిలో పైపు

ఆరుతడి వరికి గొట్టం పాతే పద్ధతి గురించి వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పగా వినే ఉంటారు. ముప్పై సెంటీమీటర్ల ప్లాస్టిక్ పైపుకు కింది సగం చిల్లులు పెట్టి, చిల్లులున్న భాగం మట్టిలోకి దించి, లోపలి మట్టి తోడేస్తారు. పైపులో నీళ్ళు నేల మట్టానికి పదిహేను సెంటీమీటర్ల కిందకు దిగేదాకా తడి ఇవ్వనక్కర్లేదు. పూత సమయంలో మాత్రం మడిలో నీళ్ళు నిలబెట్టాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి ఇది. దిగుబడి తగ్గకుండా 30 శాతం దాకా నీళ్ళు మిగులుతాయంటారు.

బోరు కింద వరి వేసేవాళ్ళకు ఇది బంగారం. కాలువ కింద మాకు రెండు అడ్డంకులు వచ్చాయి. మా దగ్గర మడి నుంచి మడికి పారకం. పై మడి ఆరబెడితే కింది మడికి దారే ఉండదు. ప్రతి మడికీ విడిగా పిల్ల బోదె ఉంటే తప్ప కుదరదు. రెండోది మనసుకు సంబంధించింది. వచ్చేవారం నీళ్ళు వస్తాయన్న నమ్మకం లేని రైతు మడి ఆరనివ్వడు, వచ్చినప్పుడే గట్టు తెగేదాకా నింపుకుంటాడు. అతన్ని తప్పుపట్టలేం. కాబట్టి పైపు వంతు తర్వాత మెట్టు. వంతు రెండేళ్ళు నికరంగా నడిచిన చోట పైపు దానంతట అదే వస్తుంది. వంతు లేని చోట పైపులు పంచిపెడితే పిల్లలు వాటితో ఆడుకుంటారు.

ఆయిల్ ఇంజను

కాలువలోంచో, మురుగు కాలువలోంచో తోడుకోవడం. చివరి ఊళ్ళలో అక్టోబరు రాత్రుళ్ళు ఇంజన్ల మోతకు నిద్ర పట్టదు. సెకనుకు పన్నెండు లీటర్లు తోడే ఇంజనుతో ఎకరాకు రెండంగుళాల తడి పెట్టాలంటే దాదాపు అయిదు గంటలు నడపాలి, అయిదు లీటర్ల డీజిల్‌కు తక్కువ కాదు. పంట కీలక దశలో రెండు తడులు పెడితే చేతికొస్తుందనుకుంటే పెట్టాల్సిందే, వెనకాడకూడదు. సీజనంతా దాని మీద ఆధారపడితే కౌలు కట్టేవాడికి ఏమీ మిగలదు.

తగవు సంగతికొస్తే, మురుగు కాలువ (డ్రెయిన్) నుంచి తోడితే తగవు లేదు, పైవాళ్ళు వదిలేసిన నీళ్ళే కదా. పంట కాలువలోకి నేరుగా పైపు దించితే మాత్రం మీ వెనకవాడికి మీరే ఎగువ రైతు అయిపోయారు. పైవాళ్ళ మీద మీకున్న కోపమే వాడికి మీ మీద వస్తుంది. మా సంఘంలో పెట్టుకున్న కట్టు ఇది: డ్రెయిన్‌లోకి ఎన్ని ఇంజన్లైనా, కాలువలోకి ఒక్కటీ వద్దు. సముద్రం వైపు ఊళ్ళలో డ్రెయిన్ నీళ్ళు తోడే ముందు ఉప్పు పరీక్ష చేయించండి. నాలుక మీద వేసుకుని చూసే పరీక్ష చాలదు, ఉప్పు తెలిసేసరికి చేను పోతుంది.

బోరు

దీనికి ఎక్కువ చోటు ఇవ్వను. పై నేలల్లో తీపి నీళ్ళున్న చోట నలుగురైదుగురు కలిసి ఒక బోరు వేసుకోవడం మేలే. తీరానికి దగ్గరయ్యేకొద్దీ లోతుకు వెళితే ఉప్పు తగులుతుంది, ఒకరు అతిగా తోడితే పక్కవాళ్ళ బోర్లూ చెడతాయి. తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరుకు అనుమతి కావాలని నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం చెబుతోంది. ఆ దూరం కొలవకుండా వేసిన బోర్లు ఎన్నో నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఒక సంగతి మాత్రం నేర్చుకోదగ్గది. అనంతపురం, ప్రకాశం లాంటి జిల్లాల్లో రైతులే తమ బోర్లలో నీటి మట్టం కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, వేయబోయే పంటలకు కావలసినవెన్ని అని పద్దు రాసుకునే పథకం 2003 నుంచి కొన్నేళ్ళు నడిచింది. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. పద్దు గోడ మీద రాశారు, అంతే. కాలువ ఊళ్ళకూ ఇది పనికొస్తుంది.

పంట మార్పు

రాకడ జబ్బుకు ఇదొక్కటే మందు. లేని నీళ్ళను ఎంత న్యాయంగా పంచుకున్నా వరి పండదు.

ఒక టీఎంసీ అంటే దాదాపు 23 వేల ఎకరాల మీద ఒక అడుగు నీళ్ళు. వరికి నాటు నుంచి కోత దాకా నాలుగడుగులు పోతే ఆ టీఎంసీతో పండేది ఆరు వేల ఎకరాల లోపు. మొక్కజొన్నకు రెండడుగులు చాలు కాబట్టి దాదాపు రెండింతలు పండుతుంది. వరి కోసే ముందు ఆ తడి మీద చల్లే మినుముకైతే కాలువ నీళ్ళ అవసరమే పెద్దగా లేదు. మన డెల్టా వాళ్ళు తరాలుగా చేస్తున్నదే అది.

అయితే ఖరీఫ్‌లో వరి మానేయమనడం సులువు, మానడం కాదు. వానలకు నీళ్ళు నిలిచే మాగాణిలో మొక్కజొన్న వేస్తే కుళ్ళుతుంది. ఆ సలహా ఇచ్చేవాళ్ళు ఆగస్టులో ఒకసారి మా చేలో దిగి చూడాలి. ఖరీఫ్‌లో చేయగలిగింది రకం మార్చడం. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 మనకు ప్రాణం, బియ్యానికి ధరా ఉంది, కానీ నూట యాభై రోజుల పంట. ఎంటీయూ 1010 లాంటివి నూట ఇరవై రోజుల్లో కోతకొస్తాయి. నెల రోజుల నీళ్ళు, అదీ అందరూ కొట్టుకునే అక్టోబరు నెలాఖరు నీళ్ళు తగ్గుతాయి. నాట్లు ఆలస్యమైన ఏడాది చివరి ఆయకట్టులో బీపీటీ పట్టుకు కూర్చోవద్దనే నా మాట. ఇంటి తిండికి అరెకరం వేసుకోండి. నారు పోసి నాటే బదులు వెద పెడితే నారుమడికీ దమ్ముకూ పోయే నీళ్ళు, పదిరోజుల కాలం మిగులుతాయి. కలుపు మాత్రం మీ ఓపిక పరీక్షిస్తుంది.

రబీలో ఎంపిక నిజంగా మన చేతిలో ఉంది. దాళ్వా (రెండో పంట) వరికి నీళ్ళిస్తారని ఎవరైనా చెబితే అధికారిక ప్రకటన వచ్చేదాకా నారు పోయకండి. దున్నకుండా వేసే మొక్కజొన్న, జొన్న మా వైపు బాగా కుదిరాయి. మినుముకు ఖర్చు తక్కువ, పల్లాకు తెగులు వస్తే రాబడీ తక్కువ.

పంట మార్పులో తగవు ఎక్కడొస్తుందంటే, ఇరవై ఎకరాల మధ్య ఒక్కడు వరి వేసినప్పుడు. వాడి ఊట పక్క మొక్కజొన్నలోకి దిగుతుంది. వాడికోసం బోదె రోజూ పారాలి. అందుకని మార్చితే ఒక తూము కింద ఉన్నవాళ్ళంతా కలిసి మార్చాలి, లేదా మానాలి. ఒక్కొక్కర్ని బతిమాలడం కంటే తూము వారీగా కూర్చోబెట్టడం మాకు బాగా పనిచేసింది.

పూడిక, గుర్రపుడెక్క, తూటికాడ తీయించడాన్ని నేను పద్ధతుల్లో లెక్కవేయను, అది ఎలాగూ చేయాల్సిందే. జూన్‌లో నీళ్ళు వదిలే ముందు ఎకరాకు ఇంతని చందా వేసి రెండు రోజులు మిషను పెట్టించండి. పై రైతులు మాకేం అవసరమంటారు. వాళ్ళ చేత డబ్బు పెట్టించలేకపోతే మిషనుకు దారైనా ఇప్పించండి.

తగవు ఎవరు తీర్చాలి

1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలొచ్చాయి. మధ్యలో చాలాకాలం పేరుకే మిగిలి, 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు జరిగాయి. సంఘం, ఊరి పెద్దలు, పోలీసు స్టేషను, ఈ మూడింటిలో నా వరస ఇదే. పెద్దల తీర్పు త్వరగా వస్తుంది కానీ సాధారణంగా ఆ పెద్దల చేలు తూముకు దగ్గర్లోనే ఉంటాయి. స్టేషనుకు వెళితే ఆ రోజుకు మూట తీస్తారు, రెండు కుటుంబాల మధ్య మాట మాత్రం పదేళ్ళకు పోతుంది. సంఘానికి చట్టం బలం ఉంది, రాసి పెట్టుకునే అలవాటు ఉంది. లోపమేమిటంటే రికార్డుల్లో పేరు లేని కౌలు రైతుకు అందులో ఓటు లేదు, చివరి చేలల్లో ఎక్కువమంది వాళ్ళే. వాళ్ళను ఓటు లేకపోయినా సమావేశానికి పిలవండి, పట్టికలో పేరు రాయండి.

స్పెయిన్‌లో వాలెన్సియా అనే ఊళ్ళో కాలువ రైతుల పంచాయతీ ఒకటి వందల ఏళ్ళుగా నడుస్తోంది. ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి గుమ్మం ముందు, నలుగురూ చూస్తుండగా కూర్చుంటారు. వాదన నోటిమాటగానే, తీర్పు అక్కడికక్కడే, వకీళ్ళు లేరు. చదివినప్పుడు మా రామాలయం అరుగు గుర్తొచ్చింది. మేమూ వంతు రోజుల్లో శనివారం సాయంత్రం అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాం. ఫిర్యాదు చెప్పినవాడు గేజి రాయి మీద ఆ రోజు గీత ఎంతో చెప్పాలి. చెప్పలేకపోతే వినం.

తాగునీళ్ళ మాట విడిగా చెప్పాలి. మా కాలువ నీళ్ళే సంగం జాగర్లమూడి దగ్గర గుంటూరు నగరానికి తీసుకుంటారు. వేసవికి ముందు ఊరి మంచినీళ్ళ చెరువులు నింపుకోవాలి. దీని మీద వంతు లేదు, వాదం లేదు. చెరువు నిండేదాకా చేలకు తూములు మూసేయాల్సిందే. ఆ నాలుగు రోజులూ దొంగతనంగా తూము ఎత్తేవాడికి మా ఊళ్ళో తర్వాతి వంతు పోతుంది.

మీ ఊరికి ఏది?

పిల్ల కాలువ మొదట్లో నిండుగా ఉండి మీకు రాకపోతే వంతు పెట్టండి, చివరి నుంచి, 180 గంటలకు. అది నిలిచాక పైపులు. మొదట్లోనే సగం ఉంటే బోదెల మధ్య వారం మార్చి వారం నిండు పారకం అడగండి, మీ తూము కింద తక్కువ రోజుల రకం వేయించండి. నాలుగేళ్ళలో రెండేళ్ళు అక్టోబరు నీళ్ళు అందని ఊరైతే వంతుల మీద సమయం వృథా చేయకుండా పంట మార్పు మీదే కూర్చోండి. డ్రెయిన్ తీపిగా ఉన్న చోట ఒక ఉమ్మడి ఇంజను కొని సంఘం దగ్గర ఉంచుకుంటే అవసరానికి పనికొస్తుంది. గంటకు ఇంతని అద్దె, డీజిల్ ఎవరిది వాళ్ళు. ఊళ్ళో ఒకరి మాట ఒకరు నమ్మని స్థితి ఉంటే పైవేవీ మొదలుపెట్టకండి. ఒక్క గేజి రాయి పాతి ఒక సీజను ఊరికే చూడండి.

ఇవన్నీ మాట్లాడుకోవాల్సింది మే నెలలో, కాలువ ఎండి ఉన్నప్పుడు. నీళ్ళు వచ్చాక ఎవరికీ ఎదుటివాడి మాట వినపడదు. మాకు ఆ సమావేశం అయ్యాక ఒక చిన్న పని ఉంటుంది, రాయి మీద గీతలు మళ్ళీ దిద్దించడం. ముందు సున్నం వేశాం, ఆగస్టుకల్లా కరిగిపోయింది. నూనె రంగైతే రెండేళ్ళు ఆగుతుంది. పోయిన మే నెలలో రంగు డబ్బా పట్టుకొచ్చింది మా బాబాయే.